మక్పేలా పొలము, తివిన్సా నేల



ముందుగా ఆదికాండము 23వ అధ్యాయము చదివి రండి. ఇరవై వచనాలే. శారా 127 ఏండ్లు బ్రతికి హెబ్రోనులో చనిపోయింది. ఆమెను పాతిపెట్టడానికి అబ్రాహాముకు ఆ దేశంలో జానెడు నేల లేదు. ఆ దేశమంతా నీ సంతానానికి ఇస్తానని దేవుడు ఒకసారి కాదు, పలుమార్లు వాగ్దానం చేశాడు. అబ్రాహాము ఆ వాగ్దానాన్ని హేతు కుమారుల ముఖాన పెట్టి "ఇది నాది, తప్పుకోండి" అనవచ్చు. అనలేదు. తాను పరదేశినని ఒప్పుకొని, ఆ దేశపు ప్రజలకు వంగి నమస్కరించి, ఎఫ్రోను చెప్పిన నాలుగు వందల తులముల వెండిని గీచి బేరమాడకుండా తూచి ఇచ్చాడు. మక్పేలా పొలము, అందులోని గుహ, పొలిమేర లోపల ఉన్న చెట్లతో సహా ఊరి గవిని దగ్గర అందరూ చూస్తుండగా అతనికి స్థిరపడింది. చెట్లను కూడా లెక్కపెట్టి చెప్పిన దస్తావేజు అది. మన ఊళ్లలో రిజిస్ట్రేషను కాగితాలు చూసినవాళ్లకు ఆ వచనం చదివితే నవ్వు వస్తుంది, అంత మనకు తెలిసిన వ్యవహారం.

ఇందులో ఒక సంగతి గమనించాలి. పొలం అబ్రాహాముది అయింది కాని, దేశం అబ్రాహాముది కాలేదు. అక్కడ ఏలుబడి హేతు కుమారులదే. నేల ఒకరిది, ఏలుబడి ఇంకొకరిది. ఈ రెండింటినీ విడదీసి చూడడం తెలియక దేశాలు వందల ఏండ్లు కొట్టుకున్నాయి. 1998లో దక్షిణ అమెరికాలో రెండు దేశాలు, పెరూ, ఈక్వెడార్, సరిగ్గా ఈ రెండింటినీ విడదీసే ఒక యుద్ధాన్ని ముగించాయి. ఆ చరిత్ర మన సంఘస్థులకు కొంచెం వివరంగా చెప్పాలని మా ఆశ.

దక్షిణ అమెరికా పటం తీసి పడమటి అంచు చూడండి. పసిఫిక్ సముద్రం ఒడ్డున పైన చిన్న దేశం ఈక్వెడార్, దాని కింద పెద్ద దేశం పెరూ. రెండింటి నడుమా ఆండీస్ పర్వతాలు, వాటికి తూర్పున అమెజాను అడవి. ఆ అడవి అంచున కొర్దియ్యెరా దెల్ కొందోర్ అని ఒక కొండల వరుస ఉంది. ఎడతెగని వాన, మంచు తెర, నడవడానికి దారి లేని చెట్లు. ఇక్కడ పడిన నీళ్లన్నీ చివరికి అమెజాను మహానదిలోకే పోతాయి. కొట్లాట మాత్రం అవి ఏ వాగు గుండా పోతాయన్న దాని మీద.

స్పెయిన్ రాజులు ఈ ఖండాన్ని ఏలిన రోజుల్లో సరిహద్దులను కాగితం మీద గీసేవారు. 1563లో కీటో పట్టణానికి ఒక న్యాయ పరిధి ఏర్పరచిన రాజశాసనం ఉంది. ఈక్వెడార్ అది చూపిస్తుంది. 1541లో బయలుదేరి అమెజాను నదిని కనుగొన్న దండయాత్ర కీటో నుంచే వెళ్లిందని కూడా చెబుతుంది. పెరూ 1802 నాటి మరో రాజశాసనం చూపిస్తుంది. దానిలో మాయ్నాస్ అనే అడవి ప్రాంతాన్ని లీమా కిందికి మార్చారు. ఈక్వెడార్ ఏమంటుందంటే, ఆ శాసనం మార్చింది బిషప్పు అధికారాన్ని, మిషన్ల పర్యవేక్షణను మాత్రమే, భూమిని కాదు అని. సంఘపు పరిధికీ దేశపు పరిధికీ మధ్య తేడా మీద రెండు దేశాల న్యాయవాదులు నూరేళ్లు వాదించుకున్నారంటే మనలాంటివారికి కాస్త ఆశ్చర్యమే. ఇద్దరి దగ్గరా కాగితం ఉంది. ఇద్దరి దగ్గరా ముద్ర ఉంది. ఆ ముద్ర వేసిన రాజులు ఎప్పుడో మన్నైపోయారు.

1887లో ఇరువురూ తీర్పు చెప్పమని స్పెయిన్ రాజునే అడిగారు. రాజుగారి తీర్పు ఎలా ఉండబోతుందో 1910లో బయటికి పొక్కింది. రెండు దేశాలూ యుద్ధానికి సిద్ధపడ్డాయి. రాజు తీర్పు చెప్పకుండానే తప్పుకున్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము.

1941 జూలైలో యుద్ధం వచ్చింది. పెరూ బలమైనది, ఈక్వెడార్ సిద్ధంగా లేదు. పెరూ సైన్యం ఈక్వెడార్ దక్షిణాన ఉన్న ఎల్ ఓరో రాష్ట్రాన్ని ఆక్రమించి కూర్చుంది. 1942 జనవరిలో రియో డి జనీరో నగరంలో అమెరికా ఖండాల విదేశాంగ మంత్రులందరూ సమావేశమయ్యారు. అది పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి చేసిన మరుసటి నెల. అందరి మనసూ పెద్ద యుద్ధం మీదే ఉంది. ఈ చిన్న తగాదా త్వరగా తెగిపోతే చాలు అనుకున్నారు. జనవరి 29న రియో ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా సంయుక్త రాష్ట్రాలు హామీదారులుగా నిలబడ్డాయి. తన భూమి మీద పరాయి సైన్యం ఉండగా ఈక్వెడార్ సంతకం పెట్టింది. ఆ సంతకం చేసిన విదేశాంగ మంత్రి హూలియో తోబార్ దోనోసోను ఆయన దేశస్థులు చాలామంది దేశాన్ని అమ్మినవాడిగా నిందించారు.

మెడ మీద చెయ్యి వేసి పెట్టించుకున్న సంతకం ఎంతకాలం నిలుస్తుంది? పల్లెల్లో పెద్దమనుషులుగా కూర్చున్నవారిని అడగండి, చెబుతారు. అయినా ఈ ఒడంబడిక చాలావరకు నిలబడింది. సరిహద్దులో అధిక భాగానికి రాళ్లు పాతారు. అనుమానం వచ్చిన చోట 1945లో బ్రజ్ దియాస్ ద అగియార్ అనే బ్రెజిల్ నౌకాదళ అధికారి తీర్పు చెప్పాడు. మిగిలింది సుమారు 78 కిలోమీటర్లు.

ఆ 78 కిలోమీటర్ల దగ్గర ఏమైందో చెప్పాలి, అసలు కథ అక్కడే ఉంది. ఒడంబడికలో, సమోరా నదికీ సాంతియాగో నదికీ మధ్య నీళ్లు విడిపోయే కొండ శిఖరం వెంట సరిహద్దు పోవాలని రాశారు. ఇంటికప్పు గుర్తు తెచ్చుకోండి. నడికొప్పు మీద పడిన వాన చుక్క ఇటు జారితే మన వాకిట్లోకి, అటు జారితే పక్కవారి దొడ్లోకి. ఆ నడికొప్పే సరిహద్దు. చాలా సులువైన మాట. అయితే ఆ మాట రాసినవాళ్లలో ఎవరూ ఆ అడవిని చూడలేదు. 1943 నుంచి అమెరికా విమానాలు పైనుంచి ఫోటోలు తీశాయి. 1947 నాటికి పటాలు తయారైతే, సమోరాకూ సాంతియాగోకూ మధ్య ఇంకొక నది కనిపించింది, సెనేపా. చిన్న వాగు అనుకున్నది పొడవైన నది అని తేలింది. అంటే ఇంటికి ఒక కొప్పు లేదు, రెండు కొప్పులున్నాయి, నడుమ ఒక లోయ ఉంది. ఒడంబడికలో చెప్పిన కొప్పు ఏది?

పెరూ కొందోర్ కొండల శిఖరమే సరిహద్దు అన్నది, అగియార్ తీర్పు కూడా అదే కదా అన్నది. ఈక్వెడార్ మాత్రం, మీరు చెప్పిన కొండే అక్కడ లేనప్పుడు ఒడంబడిక అక్కడ అమలు కాదు అన్నది. 1948లో అధ్యక్షుడు గాలో ప్లాసా రాళ్లు పాతే పని ఆపించాడు. 1960లో వెలాస్కో ఇబర్రా ఇంకో మెట్టు ఎక్కి, ఒడంబడిక మొత్తం చెల్లదని ప్రకటించాడు. 78 కిలోమీటర్ల సందేహం ఒక దేశమంత పెద్దదైంది. గట్టు దగ్గర మూడు అడుగుల తేడా వస్తే, తాత నాటి పంపకాలే తప్పని కోర్టుకు పోయే అన్నదమ్ములను చూడనివారు మన సంఘాల్లో ఎవరున్నారు?

ఆ తర్వాత జరిగినది తుపాకుల కంటె ఘోరమైనదని మా అభిప్రాయం. ఈక్వెడార్ బడి పటాల్లో దశాబ్దాల పాటు దేశాన్ని 1942కు ముందు ఆకారంలో, అమెజాను దాకా సాగదీసి గీశారు. ఈక్వెడార్ ఎప్పటికీ అమెజాను దేశమేనన్న నినాదాన్ని ప్రభుత్వ కాగితాల మీద అచ్చువేశారు. చిన్నపిల్లలు రంగు పెన్సిళ్లతో లేని భూమికి రంగు వేశారు. ఆ పటం చూసి పెరిగిన పిల్లవాడికి, పెద్దయ్యాక ఏ నాయకుడు రాజీ తెచ్చినా అది తన శరీరంలో ముక్క కోసినట్టే ఉంటుంది. పెరూ బడుల్లో మరో పాఠం: తగాదాయే లేదు, అంతా 1942లోనే తెగిపోయింది, పక్కవాడు ఊరికే గొడవ పెడుతున్నాడు. ఇద్దరు పిల్లలూ తమ పాఠం నిజమే నేర్చుకున్నామనుకున్నారు. నాయకులు ఈ పిల్లల చేతిలో తర్వాత చిక్కుకుపోయారు.

1981లో ఒకసారి కాల్పులు జరిగాయి. 1995 జనవరి ఆఖరులో సెనేపా నది తలకట్టు దగ్గర పూర్తి యుద్ధమే జరిగింది. ఐదు వారాలు. విమానాలు కూలాయి, అడవిలో మందుపాతరలు పాతారు. ఈక్వెడార్ అధ్యక్షుడు సిక్స్తో దురాన్ బయ్యేన్ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయబోమన్నాడు. దేశం జేజేలు కొట్టింది. తివిన్సా అనే సైనిక స్థావరం కోసం రెండు సైన్యాలూ పోరాడాయి. దాన్ని పట్టుకున్నామని పెరూ అధ్యక్షుడు అల్బెర్తో ఫుజిమోరి ప్రకటించాడు, మా చేతిలోనే ఉందని ఈక్వెడార్ చూపించుకున్నది. ఊరు కాదు, చేను కాదు, అడవిలో ఒక మూల. అయితే అక్కడ యువకులు చనిపోయారు, కనుక ఆ పేరు ఈక్వెడార్ తల్లుల నోట ప్రార్థనగా మారింది. ఇంకొక చేదు మాట కూడా చెప్పాలి. హామీదారుల్లో ఒకటైన అర్జెంటీనా నుంచి ఆ యుద్ధ సమయంలోనే ఈక్వెడార్‌కు ఆయుధాలు దొంగచాటుగా వెళ్లాయి. తర్వాత అది బయటపడి ఆ దేశపు కోర్టుల దాకా పోయింది.

ఫిబ్రవరి 17న బ్రెజిల్‌లో, 28న మాంతెవీదియోలో సంతకాలయ్యాక తుపాకులు ఆగాయి. నాలుగు హామీదారు దేశాల సైనికులు పరిశీలకులుగా ఆ కొండల్లోకి వచ్చారు. 528 చదరపు కిలోమీటర్లను సైన్యాలు లేని ప్రాంతం చేశారు. ఇక్కడ ఒక చిన్న విషయం మాకు చాలా నచ్చింది. కొంతకాలం తర్వాత ఆ పరిశీలకుల బృందంలోనే పెరూ, ఈక్వెడార్ అధికారులను కూడా చేర్చారు. నిన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్నవారు ఒకే హెలికాప్టరులో కూర్చుని కింద అడవిని చూశారు.

అక్కడి నుంచి మాటలు మూడేళ్లు నడిచాయి. ఆ మూడేళ్లూ వివరంగా చెబితే మీకు నిద్ర వస్తుంది, మాకూ వస్తుంది. అయితే నిద్ర వచ్చేంత నిదానమే ఇందులో మేలు. 1998లో పనిని నాలుగు ముక్కలు చేసి నాలుగు నగరాల్లో నాలుగు బృందాలను కూర్చోబెట్టారు. వ్యాపారం, నదిలో పడవల ప్రయాణం గురించి బ్వేనోస్ ఐరెస్‌లో. సరిహద్దు ప్రజల అభివృద్ధి గురించి వాషింగ్టన్‌లో. సైన్యాల మధ్య నమ్మకం గురించి సాంతియాగోలో. అసలు గీత గురించి బ్రసీలియాలో. మొదటి మూడింట్లో ఒప్పందం కుదిరింది. నాలుగోది కుదరలేదు. అయినా ఆ మూడూ ఊరికే పోలేదు. యుద్ధం వస్తే పోగొట్టుకునేవి ఇప్పుడు ఇద్దరికీ లెక్కగా కనిపించాయి.

1998 ఆగస్టులో సైన్యాలు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయి. ఆ నెల 10వ తేదీన ఈక్వెడార్‌లో హమీల్ మవాద్ అధ్యక్షుడయ్యాడు. ఖజానాలో డబ్బు లేదు. ఎల్ నీన్యో వానలు పంటలను, రోడ్లను నాశనం చేసి పోయాయి. ఇలాంటి సమయంలో యుద్ధం వస్తే దేశం బతకదని ఆయనకు తెలుసు. మవాద్ అంతకుముందు హార్వర్డులో చదువుకున్నాడు. రాజీ మాటలు ఎలా నడపాలో బోధించే రోజర్ ఫిషర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు అక్కడ ఆయనకు గురువు. "గెటింగ్ టు యెస్" అనే ప్రసిద్ధమైన పుస్తకం రాసినవారిలో ఒకడు. మవాద్ ఆయన సలహా తీసుకున్నాడు.

పదవికి వచ్చిన వారం లోపలే పరాగ్వేలో మవాద్, ఫుజిమోరి కలుసుకున్నారు. ఫుజిమోరి అప్పటికి ఎనిమిదేళ్లుగా అధ్యక్షుడు. తన కాలంలో ఈక్వెడార్ అధ్యక్షులు ఒకరి తర్వాత ఒకరు రావడం, పోవడం చూశాడు. మవాద్ ఆ మాటే ఎత్తాడు. నేను పదవికి కొత్తవాడిని, మీరు అనుభవం గలవారు, మీ అనుభవం నాకు పనికివస్తుంది అన్న అర్థంలో మాట్లాడి, ఈ చిక్కు ఎలా విప్పుదామని ఆయన్నే అడిగాడు. అది ముఖస్తుతి కాదు, నిజమే. అడిగినవాడు చిన్నవాడైపోలేదు, అడగబడినవాడు శత్రువుగా ఉండలేకపోయాడు. హేతు కుమారుల ముందు లేచి నమస్కరించిన అబ్రాహాము గుర్తుకు రావడం లేదా?

ఫిషర్ ఇంకొక సలహా కూడా ఇచ్చాడు, ఫోటో గురించి. నాయకులు చేతులు కలిపి కెమెరా వైపు చూసి నవ్వే ఫోటో వద్దు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, కలాలు పట్టుకుని, ముందున్న ఒకే కాగితం వైపు చూస్తున్న ఫోటో కావాలి. అటువంటి ఫోటోయే పత్రికల్లో వచ్చింది. రెండు దేశాల జనం దాన్ని చూశారు. చిక్కు ఎదుటి మనిషి కాదు, బల్ల మీదున్న కాగితం. దాన్ని ఇద్దరూ ఒకే వైపు కూర్చుని చూడాలి. బడి పటాలు దశాబ్దాలుగా నేర్పినదానికి ఇది ఎదురు పాఠం. భార్యాభర్తల తగాదాలు తీర్చేటప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కాక ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాలని మనలో పెద్దవాళ్లు చెబుతారు. హార్వర్డు దాకా వెళ్లకుండానే ఇది తెలిసినవాళ్లు మన మధ్య ఉన్నారు.

అయినా గీత దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఏ గీత ఒప్పుకున్నా ఇంటికి పోయాక రాళ్లు పడతాయి. అప్పుడు అక్టోబరులో ఇద్దరూ కలిసి హామీదారులకు ఉత్తరం రాశారు, మీరే గీత చెప్పండి అని. హామీదారులు గట్టి షరతు పెట్టారు. మేము చెప్పింది ఏదైనా సరే కట్టుబడి ఉంటామని మీ రెండు పార్లమెంటులూ ముందే తీర్మానం చేయాలి, అప్పుడే నోరు విప్పుతాం అన్నారు. 1910లో స్పెయిన్ రాజు విషయం గుర్తుపెట్టుకోమన్నాము కదా. తీర్పు ముందు బయటికి వస్తే ఓడినవాడు ఒప్పుకోడు. ఇప్పుడు తీర్పు తెలియకముందే తలవంచాలి. మన పల్లెల్లో పెద్దమనుషులు కూడా అంతే కదా, ఇరుపక్షాల చేత ముందే కాగితం రాయించుకుని, డబ్బు డిపాజిటు పెట్టించుకుని, ఆ తర్వాతే తగవు వింటారు. అక్టోబరు మధ్యలో కీటోలోనూ లీమాలోనూ సభ్యులు ఓటు వేశారు. తాము ఏమి పోగొట్టుకుంటారో తెలియకుండా వేసిన ఓటు అది. ఈ చరిత్ర అంతటిలో మాకు అన్నిటికంటె ధైర్యంగా కనిపించేది ఈ ఓటే. యుద్ధంలో చూపిన ధైర్యం దీని పక్కన మాకు చిన్నదిగా అనిపిస్తుంది.

1998 అక్టోబరు 26న బ్రసీలియాలో, బ్రెజిల్ అధ్యక్షుడు ఫెర్నాందో హెన్రీకి కార్దోసో ఎదుట, మవాద్, ఫుజిమోరి సంతకాలు చేశారు. గీత విషయంలో హామీదారులు పెరూ పక్షానే చెప్పారు. సరిహద్దు కొందోర్ కొండల శిఖరం వెంటే పోతుంది, సెనేపా లోయ పెరూది. ఈక్వెడార్‌కు అమెజాను, దాని ఉపనదుల్లో పడవలు నడుపుకునే హక్కు, నది ఒడ్డున రెండు వ్యాపార కేంద్రాలు. కొండకు ఇరువైపులా రక్షిత వనాలు. సరిహద్దు ప్రాంతాల అభివృద్ధికి పదేళ్లలో 300 కోట్ల డాలర్ల ప్రణాళిక.

ఇక తివిన్సా. అది గీతకు పెరూ వైపున పడింది. అక్కడ ఒక చదరపు కిలోమీటరు నేలను పెరూ ప్రభుత్వం ఈక్వెడార్ ప్రభుత్వానికి శాశ్వతంగా సొంత ఆస్తిగా ఇచ్చింది. ఏలుబడి పెరూదే, చట్టం పెరూదే. ఆ నేల మాత్రం ఈక్వెడార్‌ది, ఒక మనిషికి పొలం ఉన్నట్టు. పెరూ దాన్ని తిరిగి లాక్కోకూడదు. అక్కడికి వెళ్లడానికి ఈక్వెడార్ నుంచి ఒక దారి. తమ బిడ్డలు చనిపోయిన నేల తమ పేరున ఉంటుంది, రాజ్యం పక్కవాడిది.

ప్రియులారా, మక్పేలా కూడా ఇదే కదా. చనిపోయినవారిని గౌరవించుకునేటంత నేల, దాని మీద తిరుగులేని హక్కు. అయితే దాని కోసం పక్కవారి రాజ్యాన్ని కాదనలేదు. ఆ ఒప్పందం రాసినవాళ్లు ఆదికాండము తెరిచి రాశారని మేము అనడం లేదు. సమాధానం కావాలని నిజంగా వెదికినవారు ఎక్కడ వెదికినా ఇలాంటి చోటికే చేరుకుంటారేమో అని మాత్రం అనిపిస్తుంది. ఇంకొకటి. మవాద్ తండ్రివైపు పూర్వికులు లెబానోను నుంచి వచ్చి స్థిరపడినవారు. ఫుజిమోరి తలిదండ్రులు జపాను నుంచి వచ్చినవారు. నాలుగు వందల ఏండ్ల నాటి రాజశాసనాల తగాదాను ముగించినది ఇద్దరు పరదేశుల బిడ్డలు.

కొందరు విశ్వాసులు అడగవచ్చు, దక్షిణ అమెరికా సరిహద్దు అంటే ఆండీస్ కొండల మీద నిలబెట్టిన పెద్ద క్రీస్తు విగ్రహం సంగతి చెప్పరేమని. అది అర్జెంటీనా, చిలీల మధ్య 1904లో పెట్టినది, ఆ రెండు దేశాలు సరిహద్దు మీద రాజీపడిన తర్వాత. మనం విగ్రహాల మీద ఆధారపడేవాళ్లం కాము. ఆ విషయంలో మా మాట మీకు తెలిసినదే. చరిత్ర కూడా ఒక మాట చెబుతుంది. ఆ విగ్రహం అక్కడ ఉండగానే 1978 డిసెంబరులో దక్షిణ కొనన ఉన్న బీగిల్ జలసంధి దీవుల కోసం అదే రెండు దేశాలు యుద్ధం అంచుకు వెళ్లాయి. ఆపినది కంచు విగ్రహం కాదు. ఆంతోనియో సమోరె అనే ముసలి కార్డినల్, పోపు పంపగా, రెండు రాజధానుల మధ్య తిరిగి తిరిగి ఆపాడు. మన మతశాఖ కాకపోయినా, మంచిపని మంచిపనే. 1984లో ఒప్పందమైంది. ఆయన దానిని చూడకుండానే 1983లో కన్నుమూశాడు.

తిరిగి మన కథకు. సమాధానం అందరికీ తీపిగా లేదు. పెరూ విదేశాంగ మంత్రి ఎదువార్దో ఫెర్రేరో, సంతకాలకు కొన్ని వారాల ముందే రాజీనామా చేశాడు. అమెజాను ఒడ్డున ఉన్న ఇకీతోస్ పట్టణంలో, తమ నది మీద పక్కవారికి వ్యాపార కేంద్రాలు ఇవ్వడమేమిటని జనం తిరగబడ్డారు. కార్యాలయాలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఈక్వెడార్‌లో చాలామంది ఇళ్లలో ఆ రోజు దుఃఖమే. చిన్నప్పుడు రంగు వేసిన పటాన్ని ఇప్పుడు మడిచి పెట్టాలి.

ఎవరినీ అడగని ఒక జనం కూడా ఉంది. ఆ కొండల్లో షువార్, అచువార్, అవాహూన్, వాంపీస్ అనే గోత్రాల వారు రాజశాసనాల కంటె ముందు నుంచీ ఉన్నారు. దగ్గర దగ్గర భాషలు మాట్లాడతారు. గీత వాళ్ల బంధువుల మధ్య నుంచి పోయింది. యుద్ధంలో వాళ్ల యువకులు రెండు సైన్యాల్లోనూ దారి చూపేవారిగా, సైనికులుగా పనిచేశారు. సమాధానం వచ్చాక ఇటూ అటూ తిరగడం సులువైంది, ఏళ్ల తరబడి చూడని బంధువులను చూసుకున్నారు. దాని వెనుకే గనుల కంపెనీలు కూడా వచ్చాయి. ఆ కొండల్లో బంగారం, రాగి ఉన్నాయి. తుపాకులు ఉన్నంతకాలం ఎవరూ తవ్వలేకపోయారు. రెండు ప్రభుత్వాల మధ్య సమాధానమైనంత మాత్రాన అక్కడ బ్రతికేవారికి న్యాయం జరిగిపోయిందని మేము చెప్పలేము. నాబోతు ద్రాక్షతోటకు కూడా సరిహద్దు స్పష్టంగానే ఉంది.

సంతకం చేసిన ఆ ఇద్దరి సంగతి కూడా దాచకూడదు. మవాద్ పాలనలో బ్యాంకులు కూలాయి, జనం దాచుకున్న డబ్బు స్తంభించిపోయింది. 2000 జనవరిలో ఆయన్ని పదవి నుంచి దించారు, దేశం విడిచి వెళ్లాడు. ఫుజిమోరిని 1990 ఎన్నికల్లో పెరూలోని సువార్తిక సంఘాలవారు చాలామంది బలపరిచారు. ఆయనతో ఎన్నికైన రెండో ఉపాధ్యక్షుడు కార్లోస్ గార్సియా ఒక బాప్తిస్టు పాస్టరు. ఆ ఫుజిమోరే 1992లో పార్లమెంటును మూయించాడు. 2000లో జపాను వెళ్లి అక్కడి నుంచి ఫ్యాక్సులో రాజీనామా పంపాడు. హత్యలు, అపహరణల నేరాలకు 2009లో 25 ఏండ్ల శిక్ష పడింది. దేవుడు కోరెషు రాజును వాడుకున్నాడని యెషయాలో చదువుతాము, అంతమాత్రాన కోరెషు భక్తుడైపోలేదు. ఒక మంచిపని ఆ మనిషి మిగతా పనులను కడిగివేయదు. మిగతా పనులు ఈ మంచిపనిని కూడా చెరిపివేయవు. నాయకులను ఆకాశానికి ఎత్తే అలవాటు మన సంఘాల్లో పెరుగుతున్న రోజుల్లో ఈ రెండు మాటలూ కలిపి చదవాలి.

1999 మే 13న చివరి సరిహద్దు రాయిని ఇద్దరు అధ్యక్షులూ కలిసి నిలబెట్టారు. రియోలో సంతకాలై అప్పటికి 57 ఏండ్లు. ఆ తర్వాత చాలాకాలం పాటు రెండు సైన్యాలవారూ మోకాళ్ల మీద కూర్చుని, కడ్డీలతో మట్టిని పొడుస్తూ, తాము పాతిన మందుపాతరలను తామే తవ్వి తీశారు. వాన ఆగని ఆ కొండల్లో మట్టి జారి, పాతిన చోటు నుంచి పాతరలు కదిలిపోయి ఉండేవి. పటం మీద గుర్తు ఒకచోట, పాతర ఇంకొకచోట. ఒక దేశం సైనికుడు తమ పాత పటాన్ని పక్కదేశం సైనికుడికి చూపించి, ఇక్కడ మావాళ్లు పాతారు, జాగ్రత్త, అని చెప్పవలసి వచ్చింది.